పుస్తకము మూసిన పిమ్మట

మీకు నిత్యము వినబడు మాటలలో "చదువుము" అనునది మొదటిది. ఇంట తల్లిదండ్రులు చదువుమందురు. బడిలో ఉపాధ్యాయులు చదువుమందురు. బోర్డింగునందు ప్రొద్దు క్రుంకగనే వార్డెనుగారు చదువుమందురు. కాని యెట్లు చదువవలయునో చెప్పువారు మిక్కిలి తక్కువ. ఈత నేర్పక "ఈదుము" అని చెఱువులోనికి దింపినట్లున్నది ఈ వ్యవహారము. కొందఱు ఎట్లో కాలుసేతులాడించి గట్టు చేరుదురు, కొందఱు మునుగుదురు. మునిగినవానిని చూచి "వీనికి బుద్ధి చాలదు" అని లోకము తీర్పు చెప్పును. అంతకంటె విచారకరమైన సంగతి యేమనగా, ఆ తీర్పును ఆ బాలుడు తానే నమ్మును.

ఉపాధ్యాయవృత్తిలో ప్రతి సంవత్సరమును నాకు కనబడు విద్యార్థి యొకడు గలడు. పేరు మాఱును, తరగతి మాఱును, ఒక్కొక్క యేడు బాలుడు, ఒక్కొక్క యేడు బాలిక. కాని చరిత్ర మొక్కటియే. తండ్రి కూలికి పోవును. తల్లి నాట్లకు పోవును. ఆ యింట పుస్తకము పట్టినవారిలో వీడే మొదటివాడు. రాత్రి పది గంటలవఱకు పుస్తకము వదలడు. ప్రతి పుటను అయిదుసార్లు చదివి, గీతలు గీసి, రంగులు పూసి యుంచును. మఱునాడు ప్రశ్న యడిగినచో లేచి నిలువబడి, తల వంచుకొని, "చదివానండి, జ్ఞాపకం రావడం లేదండి" అనును. వాడు అబద్ధమాడుటలేదు, నిజముగనే చదివెను. అట్లు రెండు మూడు పరీక్షలు గడచిన పిమ్మట వానిలో నొక నిశ్చయము కలుగును: "నాకు చదువు రాదు." బడి మానుటకు పేదఱికము ఎంత కారణమో, ఈ నిశ్చయము నంతే కారణము. ఈ వ్యాసము ముఖ్యముగా వాని కొఱకు వ్రాయబడినది. వానిలో కొఱత బుద్ధియందు లేదు, పద్ధతియందున్నది. పద్ధతిని మార్చుకొనవచ్చును.

1. తెలిసినట్లుండుటయు, తెలియుటయు

ఒక చిన్న పరీక్ష చేయుడు. మీరు ప్రతిదినము ఇంటినుండి బడికి వచ్చు త్రోవలోని అంగళ్ల పేర్లను కన్నులు మూసికొని వరుసగా చెప్పుడు. ఏండ్ల తరబడి చూచినవే యైనను, నాలుగైదింటికి మించి చెప్పగలవారు అరుదు. కన్నులు తెఱచి నడచునప్పుడు మాత్రము ప్రతి పలకయు మనకు తెలిసినదివలెనే యుండును. చూచి గుఱుతుపట్టుట వేఱు. చూడక జ్ఞాపకము తెచ్చుకొనుట వేఱు.

పాఠమును పలుమాఱు చదువువానికి కలుగు భ్రమ యిదియే. రెండవసారి చదువునప్పుడు వాక్యములు పరిచితములుగా తోచును. మూడవసారి ఇంకను సులభముగా సాగును. "ఇదంతయు నాకు వచ్చును" అని మనస్సు తృప్తి చెందును. అయితే పరీక్షాధికారి పుటను మన యెదుట పెట్టి "దీనిని గుఱుతుపట్టితివా?" అని యడుగడు, తెల్లకాగితము నిచ్చి "చెప్పుము" అనును. పుస్తకము తెఱచియుండగా నేర్చినది పుస్తకము తెఱచియుండగనే పనికివచ్చును. కావున నేను చెప్పదలచిన మాట ఒక్కటియే: చదువుట పుస్తకము తెఱచినప్పుడు మొదలగును, నేర్చుట పుస్తకము మూసిన పిమ్మట మొదలగును.

2. మఱపు ఎట్లు నడచును?

శత్రువును జయింపవలెనన్న వాని నడక తెలియవలయును. మఱపు యొక్క నడకను మొట్టమొదట కొలిచిచూచినవాడు జర్మనీ దేశపు పండితుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. ఆయన తన పరిశోధనలను 1885లో గ్రంథముగా ప్రకటించెను. అర్థములేని చిన్న చిన్న అక్షరకూటములను సుమారు 2,300 కూర్చుకొని, వానిని వరుసలుగా కంఠస్థము చేసి, కొంతకాలము గడచిన పిమ్మట ఆ వరుసలనే మఱల నేర్చుటకు ఎంత శ్రమ తగ్గెనో లెక్క వేసికొనెను. ఈ పరీక్షలన్నియు తనమీదనే చేసికొనుట విశేషము.

ఆయన కనుగొన్నదేమి? ఇరువది నిమిషములు గడచిన పిమ్మట మఱల నేర్చునప్పుడు మొదటి శ్రమలో నూటికి 58 పాళ్లు కలిసివచ్చెను. ఒక దినము గడచినచో 34 పాళ్లే కలిసివచ్చెను. ముప్పదియొక్క దినముల పిమ్మట 21 పాళ్లు. అనగా మఱపు మొదటి గంటలలో పరుగెత్తును; పిమ్మట నడచును; తరువాత ప్రాకును. అర్థవంతమైన పాఠము ఇంత వేగముగా చెదరదు గాని, నడక తీరు మాత్రము ఇట్టిదే. కావున పాఠము చెప్పిన దినముననే దానినొకసారి జ్ఞప్తికి తెచ్చుకొనువాడు, పరుగెత్తు దొంగను వాకిటనే పట్టుకొనినవాడగును. నెల గడచి పరీక్ష ముందు కూర్చుండువాడు ఊరంతయు వెదకవలసివచ్చును.

ఎబ్బింగ్‌హౌస్ కనుగొన్న మఱియొక సంగతి మన విద్యార్థులు గోడమీద వ్రాసికొనదగినది. పండ్రెండు కూటముల వరుసను ఒకే దినమున వెంటవెంట 68 సార్లు చదివినందువలన కలిగిన ఫలము, మూడు దినములకు పంచి 38 సార్లు చదివినందువలననే కలిగెను. అనగా ముప్పది ఆవృత్తుల శ్రమ ఊరక మిగిలెను. పైరునకు నెలకు కావలసిన నీరంతయు ఒక్కరాత్రి పెట్టిన రైతును మనము వివేకి యందుమా?

3. రెండు తెగల విద్యార్థులు

పుస్తకము మూసి వల్లించుటవలని ప్రయోజనమును అమెరికా దేశమున ఆర్థర్ గేట్స్ అను విద్వాంసుడు 1917లోనే పాఠశాలల పిల్లలతో పరీక్షించి చూచెను. కాలమంతయు చదువుటలోనే గడపినవారికంటె, కాలములో సగమునకు మించిన భాగమును చూడక వల్లించుటలో గడపినవారు ఎక్కువ నేర్చినట్లు తేలెను.

ఇటీవలి దృష్టాంతము మఱింత స్పష్టమైనది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అను మనశ్శాస్త్రజ్ఞులు కళాశాలా విద్యార్థులకు చిన్న వచనభాగముల నిచ్చిరి. ఒక తెగవారు దానిని రెండుసార్లు చదివిరి. రెండవ తెగవారు ఒకసారి చదివి, రెండవసారి చదువుటకు బదులు, కాగితముమీద జ్ఞాపకమున్నంత వ్రాసిరి. అయిదు నిమిషముల పిమ్మట పరీక్షింపగా రెండుసార్లు చదివినవారు నూటికి 81 పాళ్లు చెప్పిరి. వ్రాసినవారు 75 పాళ్లే చెప్పిరి. ఇంతవఱకే చూచినచో చదివినవారే గెలిచిరి. కాని వారము గడచిన పిమ్మట పరీక్షింపగా చదివినవారికి 42 పాళ్లు మిగిలెను. వ్రాసినవారికి 56 పాళ్లు మిగిలెను.

ఇందులోనే మనవాని మోసము దాగియున్నది. రాత్రి పుస్తకమును దిండుక్రింద పెట్టుకొనునప్పుడు మఱల మఱల చదువుటయే మేలుగా తోచును. ఫలితము వారమునకు గాని బయటపడదు. పుస్తకము మూసి జ్ఞాపకము తెచ్చుకొనుట కష్టముగా నుండును, తప్పులు దొర్లును, "నాకేమియు రాదు" అనిపించును. ఆ కష్టమే నేర్పు కుదురుకొనుచున్నదనుటకు గుఱుతు. మెట్టపైకి ఎక్కునప్పుడే గదా కాళ్లకు బలము!

4. మన అవధానుల రహస్యము

ఇది పాశ్చాత్యులు నేర్పిన క్రొత్త విద్య యని యనుకొనవలదు. మన తెలుగుదేశమున అవధానవిద్య దీనికి జీవించియున్న సాక్ష్యము. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టుముట్టుదురు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది, ఒకరు ఒక్కొక్క అక్షరమును నిషేధింతురు, వేఱొకరు నడుమ అప్రస్తుతప్రసంగముచే మనస్సును చెదరగొట్టుదురు. అవధాని ఒక్కొక్కరికి పద్యమున ఒక్కొక్క పాదము మాత్రమే చెప్పి ముందునకు సాగును. తిరిగి ఆ పృచ్ఛకుని యొద్దకు వచ్చునప్పటికి నడుమ ఎన్నియో విషయములు దాటిపోయి యుండును. అయినను కాగితము చూడడు. వెనుకటి పాదమును మనస్సులోనుండి లాగి దానికి తరువాతి పాదమును చేర్చును. తుదకు పద్యములన్నియు వరుసగా ఒప్పజెప్పును. దీనికే ధారణ యని పేరు. తిరుపతి వేంకటకవులు అష్టావధానములే గాక శతావధానములు కూడ చేసి ఆంధ్రదేశమును ఆశ్చర్యపఱచిరి.

అవధానికి జన్మసిద్ధమైన ప్రతిభ యుండవచ్చును. కాని ఆయన చేయు పనిని పరిశీలింపుడు: కొంత విడిచి మఱల మఱల తలచుకొనుట, చూడక తలచుకొనుట, క్రొత్తదానిని పాతదానికి ముడివేయుట. ఈ మూడును మనవంటి సామాన్యులకును సాధ్యములే.

మన వీధిబడులలో వల్లెవేయుట యను నాచార ముండెను. అందు మంచియు గలదు, చెడుగును గలదు. చూడక పలుకుట మంచి. అర్థము తెలియక పలుకుట చెడుగు. నేటి బాలుడు అర్థము తెలియక పలుకుటను మానలేదు గాని, చూడక పలుకుటను మాత్రము మానివేసెను. మనము దీనిని తలక్రిందులు చేసికొనవలయును.

5. ఒక అచ్చుపనివాని సాధన

బెంజమిన్ ఫ్రాంక్లిను (1706–1790) బోస్టను నగరమున కొవ్వొత్తులు, సబ్బు చేయువాని కుమారుడు. రెండేండ్లకు మించి బడికి పోలేదు. పండ్రెండవ యేట అన్నగారి అచ్చుకూటమున పని నేర్చుకొనుటకు చేరెను. అతనికి "స్పెక్టేటర్" అను ఆంగ్లపత్రిక సంపుటము ఒకటి దొరకెను. అందలి వ్యాసములవలె వ్రాయవలెనని కోరిక పుట్టెను. గురువు లేడు. అందుచే తానే యొక ఉపాయము కల్పించుకొనెను. ఒక వ్యాసము చదివి, ప్రతి వాక్యములోని భావమును రెండు మూడు ముక్కలలో గుఱుతు పెట్టుకొని, పుస్తకమును కొన్నిదినములు ప్రక్కన పెట్టెడివాడు. పిమ్మట ఆ గుఱుతులనుబట్టి వ్యాసమంతయు తన మాటలతో వ్రాసెడివాడు. ఆ తరువాతనే మూలమును తెఱచి, తన తప్పులను కనుగొని దిద్దుకొనెడివాడు. ఒక్కొక్కప్పుడు తన గుఱుతులను కలగలిపివేసి, కొన్ని వారముల పిమ్మట వానిని క్రమమున పేర్చుటకు ప్రయత్నించెడివాడు. దానివలన భావములను క్రమపఱచుట నేర్చెను. పని ముగిసిన రాత్రులును, పని మొదలు పెట్టకముందు ఉదయములును ఆయనకు దొరకిన కాలము.

మీరు గమనింపవలసిన సంగతి యిది. ఆయనకు బడి లేదు, ధనము లేదు, తీరిక లేదు. ఉన్నది ఒక పుస్తకమును, దానిని మూయు ధైర్యమును. ఆ అచ్చుపనివాడే పిమ్మట గ్రంథకర్తయు, శాస్త్రజ్ఞుడును, రాజ్యతంత్రజ్ఞుడును ఆయెను.

6. ఆచరణక్రమము

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన ఫ్రాన్సిస్ రాబిన్‌సన్, 1946లో ప్రకటించిన గ్రంథమున, చదువునకు అయిదు మెట్లు చెప్పెను: పైపైన చూచుట, ప్రశ్నించుట, చదువుట, వల్లించుట, పునర్విమర్శ చేయుట. మన భూగోళపుస్తకమునుండి గోదావరీనదిని గూర్చిన పాఠము తీసికొని ఈ మెట్లెక్కి చూతము.

మొదటిది: శీర్షికలు, పటములు చూచి పాఠమునందేమున్నదో తెలిసికొనుడు. ఇది రెండు నిమిషముల పని. ఈ నదిని గూర్చి మీకిదివఱకే తెలిసినదేమో తలచుకొనుడు. క్రొత్తభావము పాతభావములతో కలిసికొన్నప్పుడే మనస్సులో నిలుచునని హెర్బార్టు (1776–1841) చెప్పిన సూత్రమును శిక్షణకళాశాలలో మాకు మొదటనే నేర్పిరి.

రెండవది: ప్రశ్నలు వ్రాసికొనుడు. గోదావరి ఎక్కడ పుట్టెను? పడమటి సముద్రమునకు అంత దగ్గఱ పుట్టియు తూర్పునకేల ప్రవహించును? ఏ యుపనదులు కలియును? ధవళేశ్వరమున ఆనకట్ట యేల కట్టిరి?

మూడవది: ఆ ప్రశ్నలకు జవాబులు వెదకుచు చదువుడు. నాసిక్ చేరువనున్న త్ర్యంబకేశ్వరమున పుట్టెననియు, దక్కను పీఠభూమి పడమటికనుమలనుండి తూర్పునకు వాలియుండుటచే అటు పాఱెననియు, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మొదలగు నదులు కలియుననియు, ఆర్థర్ కాటన్ దొర ఆధ్వర్యమున 1847లో మొదలిడి 1852 నాటికి ఆనకట్ట ముగించిరనియు తెలియును. ప్రశ్న అడిగి చదువువాడు వేటగానివలె చదువును; అడుగనివాడు త్రోవ నడచువానివలె చదువును.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: పుస్తకము మూయుడు. జవాబులను మీ మాటలలో పైకి చెప్పుడు, లేదా వ్రాయుడు. తోచనప్పుడు వెంటనే పుస్తకము తెఱవక, కొంతసేపు పెనగులాడుడు. పిమ్మట తెఱచి, తప్పినదానిని, విడిచినదానిని ఎఱ్ఱసిరాతో గుఱుతుపెట్టుడు. తరువాతి సారి ఎఱ్ఱగుఱుతు లున్నచోటులనే ముందుగా చదువుడు. దిద్దుకొనని వల్లింపు తప్పును స్థిరపఱచును. కావున ఈ దిద్దుబాటును విడువరాదు.

అయిదవది: ఆ రాత్రి, మఱునాడు, వారము గడచిన పిమ్మట, నెల గడచిన పిమ్మట, ఆ ప్రశ్నలకే పుస్తకము చూడక జవాబు చెప్పుడు. మొదట పావుగంట పట్టినది పిమ్మట మూడు నిమిషములలో ముగియును.

గణితమునకును ఇదియే క్రమము. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద చేసిన లెక్కను చూచి ప్రతి వ్రాసికొన్నచో లెక్క వచ్చినట్లు కాదు. ఆ లెక్కనే కాగితము త్రిప్పివేసి మొదటినుండి చేయవలయును.

ఇద్దఱు స్నేహితులు కలిసి చదువుట మేలు. కాని ఒకడు చదువుచుండగా ఇంకొకడు వినుట కాదు. ఒకడు పుస్తకము పట్టి అడుగవలయును, రెండవవాడు చూడక చెప్పవలయును, పిమ్మట వంతు మార్చుకొనవలయును. ఇంట చదివినవారు లేకున్నను దిగులు వలదు. వంట చేయుచున్న అమ్మకు పాఠమును కథగా చెప్పుడు. ఆమెకు అర్థమగునట్లు చెప్పగలిగితిరేని, అది మీకు వచ్చినట్లే, ఆమె "అదేంటిరా?" అని అడిగిన చోటనే మీకును తెలియదని గ్రహింపుడు.

ఇంక రెండు హెచ్చరికలు. రాత్రియంతయు మేలుకొని చదువుట శౌర్యము కాదు. నేర్చినపిమ్మట మేలుకొనియున్నవారికంటె నిదురించినవారికి మఱపు తక్కువయని జెంకిన్స్, డాలెన్‌బాక్ అను వారు 1924లోనే ప్రయోగముచే చూపిరి. నిదుర కూడ చదువులో భాగమే. రెండవది, సెల్‌ఫోను. అది జ్ఞానమునకు ద్వారమగుట నిజమే. కాని పాఠము మూసి తలచుకొనవలసిన ఆ అయిదు నిమిషములను అదియే మ్రింగుచున్నది. జ్ఞాపకము రాని మాటను క్షణములో చూపునది చేతనుండగా, మనస్సు వెదకుటకు శ్రమపడదు. చదువునంతసేపు దానిని మఱియొక గదిలో నుంచుడు.

7. పరీక్షకు మించిన చదువు

ఇంతవఱకు పరీక్షను గూర్చి చెప్పితిని. కాని పరీక్ష ముగిసినతోడనే ముగియు చదువు చదువు కాదు. మన పెద్దలు గ్రంథములకొఱకు పడిన పాటు తలచుకొనుడు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రమును శాస్త్రములను తెలుగున చదువుకొను భాగ్యము మనకు కల్పించిరి. 1914లో బెజవాడలో గ్రంథాలయముల సేవకులు సభ కూడి సంఘముగా నేర్పడిరి. 1918లో వేటపాలెమున యువకులు నెలకొల్పిన చిన్న సంస్థయే పిమ్మట సారస్వత నికేతనమను గొప్ప గ్రంథాలయమాయెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు (1867–1946) దృష్టిమాంద్యముచే బాధపడి, తుదకు చూపు కోల్పోయియు, తమ గ్రంథములను నోట చెప్పి ఇతరులచే వ్రాయించిరి. మఱల పుట త్రిప్పి చూచుకొనుట సాధ్యముకానివానికి, చదివినదంతయు మనస్సులోనే యుండవలయును గదా! కన్నులున్న మనము పుటలను చూచియు మనస్సున నుంచుకొనకుండుట న్యాయమా?

కథను గాని జీవితచరిత్రమును గాని చదివినపుడు కూడ పుస్తకము మూసి కొంతసేపు ఊరకుండుడు. ఈ మనుష్యుడు ఏమి చేసెను? ఏల చేసెను? నేనా స్థానమున నుండినచో నేమి చేసియుందును? రేపు నేను మార్చుకొనదగినది యేమైన నున్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు చిన్న నోటుపుస్తకమున నాలుగు పంక్తులు వ్రాయుడు. ఏడాదికి పండ్రెండు పుస్తకములను ఇట్లు చదివినవాడు నూఱు పుస్తకములను త్రిప్పివేసినవానికంటె పెద్దవాడగును. పదసంపద పెరుగుట, పరీక్షలో మార్కులు వచ్చుట వీనివెంట తమంత తామే వచ్చును. అన్నిటికంటె ముందు తన్ను తాను ప్రశ్నించుకొను అలవాటు పుట్టును. తన తప్పును తానే ఎఱ్ఱసిరాతో దిద్దుకొను ధైర్యము కలుగును. ఈ ధైర్యము బడిలో నేర్చినచో బ్రదుకంతయు పనికివచ్చును.

తల్లిదండ్రులకును తోడి యుపాధ్యాయులకును ఒక మనవి. "ఎన్ని గంటలు చదివితివి?" అని పిల్లలను అడుగుట మానుదము. "ఏమి నేర్చితివి? చెప్పుము, విందును" అని యడుగుదము. వాడు తడబడినచో నవ్వకుందము. తడబాటు నేర్చుటకు నాంది.

విద్యార్థులారా, ఈ మాటలను నేను చెప్పితినని నమ్మవలదు, పరీక్షించి చూడుడు. ఒక నెలదినములు, దినమున కొక్క పాఠముతో చాలును. మొదటి వారమున కష్టముగా నుండును, విడిచిపెట్టుదమనిపించును, విడువకుడు. ముందుగా ఈ వ్యాసముతోనే ప్రారంభింపుడు. ఈ సంచికను మూసి, ఇందేమి చదివితిరో మీ ప్రక్కనున్న వానికి నాలుగు వాక్యములలో చెప్పుడు. చెప్పలేకపోయిన చోటికి తిరిగివచ్చి చూచుకొనుడు.